కల్లం కాపలా

మాఘమాసం రాత్రుల్లో పర్చూరు చుట్టూ చేలల్లో ఎటు చూసినా చిన్న చిన్న దీపాలు కనిపిస్తాయి. అవి ఇళ్లు కావు, మిరప కల్లాలు. కాయ ఎండి టిక్కీల్లోకి, అంటే గోతాల్లోకి, ఎక్కేదాకా రైతు ఇంట్లో పడుకోడు. నులక మంచం, దుప్పటి, టార్చిలైటు, చేతికర్ర తీసుకుని కల్లం దగ్గరే తెల్లవారుస్తాడు. మా నాన్న అలాగే పడుకున్నాడు, ఆయన తర్వాత నేనూ పడుకున్నాను. ఇప్పుడు సెల్‌ఫోన్లు వచ్చాయి, అక్కడక్కడా కెమెరాలు కూడా వచ్చాయి. అయినా మంచం మాత్రం కల్లంలోనే ఉంది.

ఈ నల్లరేగడి నేలలో ఏడాది కష్టమంతా మూడు నాలుగు నెలల్లో డబ్బుగా మారుతుంది. పత్తి, శనగ, మిరప ఒకదాని వెనక ఒకటి చేతికొస్తాయి. దొంగతనాలు ఎక్కువగా వినపడేదీ అప్పుడే. కల్లంలో టిక్కీలు, బోరు దగ్గర మోటారు, ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టి రాగి తీగ, పెళ్లికి వెళ్లినవాళ్ల ఇంట్లో బీరువాలోని సొత్తు పోతుంటాయి. పొద్దున్నే అరుగు మీద జనం చేరతారు. "పోలీసులేం చేస్తున్నారు?" అన్న మాటతోనే ఆ పంచాయితీ మొదలవుతుంది. నా చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటున్నాను. దాని వెనక మా ప్రాంతపు చరిత్ర ఎంతుందో మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

పూర్వం ఊరికి కాపలా ఊళ్లోనే ఉండేది. మునసబు, ఆయన కింద తలారి. కొత్త మనిషి ఊళ్లోకి వస్తే తలారికి తెలియాలి, తలారి మునసబుకు చెప్పాలి, మునసబు స్టేషనుకు కబురు పంపాలి. ముసలివాళ్లు ఈ ఏర్పాటును తలుచుకుని "ఆ రోజులే వేరు" అంటారు. నేను ఆ మాట అనలేను. 1816 నాటి మద్రాసు రెగ్యులేషను చిన్న తగాదాల్లో శిక్ష వేసే అధికారాన్ని గ్రామ మునసబుకు ఇచ్చింది. పై కులంవాడు తప్పు చేస్తే కొన్ని గంటలు చావడిలో కూర్చోబెట్టాలి, కింది కులంవాడైతే కాళ్లకు బొండకొయ్య వేయాలి. నేరం ఒకటే అయినా మనిషిని బట్టి శిక్ష మారేది. ఊరి కాపలాలో కులం మొదటి నుంచీ రాతపూర్వకంగానే ఉంది.

ఆ తర్వాత 1854లో మద్రాసు రాజధానిలో చిత్రహింసల మీద విచారణ సంఘం వేశారు. శిస్తు కోసం, నేరం ఒప్పించడం కోసం మనుషుల్ని ఎలా హింసించేవారో ఆ సంఘం నమోదు చేసింది. దాని తర్వాతే 1859 చట్టంతో మద్రాసు పోలీసు శాఖ ఏర్పడింది. దేశమంతటి పోలీసుల తీరు మీద 1902లో ఫ్రేజరు కమిషన్ కూర్చుని, ఈ పోలీసులు సమర్థులు కారని, జనం వాళ్లను లంచగొండులుగా, పీడించేవాళ్లుగా చూస్తున్నారని తేల్చింది. అంటే మా అరుగు మీది మాట నూటపాతికేళ్ల కింద సర్కారు కాగితాల్లోకే ఎక్కింది.

మాకు పక్కనే ఉన్న పెదనందిపాడు ఫిర్కాలో 1921 చివర మొదలైన పన్నుల నిరాకరణ ఉద్యమాన్ని ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు, రైతులు శిస్తు కట్టలేదు, సర్కారు సైన్యాన్ని దించింది. శాంతిసేన పేరుతో వేలమంది వలంటీర్లు ఊళ్లలో క్రమశిక్షణ నిలబెట్టారు. ఆ ఉద్యమం అనగానే అందరికీ పన్నే గుర్తొస్తుంది. నాకు మాత్రం మునసబు రాజీనామా చేసిన ఆ కొన్ని వారాలు ఊళ్లు తమను తాము కాచుకున్న సంగతి గొప్పగా తోస్తుంది. చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీగారు సహాయ నిరాకరణను ఆపేశారు. మునసబులు మళ్లీ వచ్చారు, 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ పదవుల్నే తీసేసేదాకా ఉన్నారు. మునసబు పోయాడు గానీ ఆయన చేసిన కాపలా పని ఎవరి మీద పడిందో ఊళ్లకు సరిగా అర్థం కాలేదు. స్టేషను దూరమైంది. జిల్లా కేంద్రమూ మారుతూ వచ్చింది. 1970 దాకా గుంటూరు, తర్వాత ఒంగోలు, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల. మా ఊరు ఉన్నచోటే ఉంది, ఎస్పీ గారికి రాసే అర్జీ మీద చిరునామా రెండుసార్లు మారింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బాపట్ల నుంచి చీరాల వెళ్లే రైలు దారిలో స్టూవర్టుపురం అని ఒక స్టేషను ఉంది. ఆ పేరు వినగానే మా ప్రాంతంలో ఇప్పటికీ కొందరు తాళం తీసి మళ్లీ వేసి చూసుకుంటారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు మీద 1913 ప్రాంతంలో కట్టిన ఊరది. అంతకుముందే, 1871లో, తెల్లదొర ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఆ చట్టం కింద నేరస్థులుగా ముద్ర వేసిన ఎరుకల కుటుంబాల్ని పట్టుకొచ్చి ఇక్కడ కూడేశారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. వేళకు హాజరు పలకాలి, పొలిమేర దాటాలంటే చీటీ ఉండాలి. ఇచ్చిన భూమి అందరికీ చాలలేదు. చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి ఆ ఊరు చేతికందిన కూలీ జనమైంది.

ఎరుకలవాళ్లు పుట్టు దొంగలని మాకు చిన్నప్పుడే నూరిపోశారు. కానీ వాళ్లు ఉప్పు, ధాన్యం వ్యాపారులు. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పును గాడిదల మీద, ఎడ్ల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు తీసుకెళ్లి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. ఉప్పు మీద సర్కారు పన్ను, ఆ తర్వాత వచ్చిన రైలు కలిసి వాళ్ల బతుకుతెరువును తుడిచిపెట్టాయి. ఉప్పు మోసిన మనిషి కూడు పోయి తిరుగుతుంటే, తిరగడమే నేరమని రాసుకున్నారు.

"వాడొట్టి కేడీ" అని మనం తిడుతుంటాం. ఆ మాట పుట్టింది పోలీసు రిజిస్టర్లోనే. పేరుమోసిన దొంగ అనే అర్థం వచ్చే రెండు ఇంగ్లీషు మాటల్లోని మొదటి అక్షరాలు కె., డి. స్టేషను గోడ మీది జాబితా మన నాలుక మీదికి ఎక్కింది. మద్రాసులో 1947లోనే నేరస్థ తెగల చట్టం పోయింది. దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మన రాష్ట్రంలో 1962లో చేశారు. జాబితా పేరు మారింది.

జాబితా మనల్ని కాపాడిందా? మా మేనత్త ఇంట్లో జరిగింది చెబుతాను. ఆ ఊరి పేరు, స్టేషను పేరు రాయను. పత్తి అమ్మిన డబ్బు, రెండు పేటల గొలుసు ఒకే రాత్రి పోయాయి. మూడో రోజుకు పోలీసు వచ్చాడు. తలుపు చూడలేదు, తాళం చూడలేదు. గడప దగ్గరే నిలబడి, "స్టూవర్టుపురం వాళ్ల పనేనమ్మా, ఇంకెవరు చేస్తారు" అన్నాడు. మా మామయ్య వెంటనే, "పట్టుకొచ్చి నాలుగు తగిలించండి సార్, వాళ్లే కక్కుతారు" అన్నాడు. మా అత్తే అడ్డం వచ్చింది. "ఒరే, ఆళ్లని నువ్వు చూశావా, నేను చూశానా? తాళం పగల్లేదు. చెవి బియ్యం డబ్బాలో ఉంటదని బయటోడికెట్టా తెలుసు?" అంది. ఆమె అడిగిన ప్రశ్నను ఆ రోజు ఎవరూ రాసుకోలేదు. సొత్తు దొరకలేదు. ఆ పోలీసు అన్న ఒక్క మాటతోనే దర్యాప్తు అయిపోయింది.

నా బాధంతా ఇక్కడే ఉంది. దొంగ పేరు ముందే తెలిసిపోయినప్పుడు దర్యాప్తు చేయాల్సిన పనే ఉండదు. జాబితా పోలీసుకు తేలిక, ఫిర్యాదు చేసినవాడికీ తేలిక, చెవి ఎక్కడుంటుందో తెలిసిన అసలు దొంగకు అందరికంటే తేలిక. స్టూవర్టుపురంలో దొంగలు లేరని అనను. ఆ ఊరి దొంగ టైగర్ నాగేశ్వరరావు కథలు వింటూ పెరిగినవాణ్ణి. పోలీసు కాల్పుల్లో అతను చనిపోయాడు. అతని పేరు మీద 2023లో సినిమా వస్తే, తమ ఊరిని ఇంకా అలాగే చూపిస్తున్నారని స్టూవర్టుపురం వాళ్లు హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఆ ఊళ్లో ఉద్యోగస్థులున్నారు, టీచర్లున్నారు. వాళ్ల పిల్లలు కాలేజీలో ఊరి పేరు చెప్పడానికి ఎంత వెనకాడతారో నాకు తెలుసు.

మా దగ్గర జరిగిన అతి ఘోరమైన నేరం రాత్రిపూట తాళం పగలగొట్టి చేసింది కాదు. చీరాల వెళ్లే దారిలో మాకు పక్కనే ఉన్న కారంచేడులో, 1985 జూలై 17న, పట్టపగలు ఆరుగురు దళితుల్ని వెంటాడి చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. ముందురోజు మంచినీళ్ల చెరువు దగ్గర, గేదె కడిగిన నీళ్లు తాగే నీళ్లలో కలుస్తున్నాయని మాదిగవాడ వాళ్లు అడగడమే దానికి మొదలు. వందల మంది ఇళ్లు వదిలి చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. దళిత మహాసభ అక్కడి నుంచే పుట్టింది, కత్తి పద్మారావు గారు, బొజ్జా తారకం గారు ముందుండి నడిపారు. కింది కోర్టు 1994లో శిక్షలు వేసింది, 1998లో హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్ల శిక్ష వేసేసరికి 23 ఏళ్లు గడిచిపోయాయి.

ఆ హత్యలు జరిగేనాటికి నాకు పదిహేనేళ్లు. మా ఇళ్లలో గొంతులు తగ్గించి మాట్లాడుకోవడం గుర్తుంది. అరుగు మీద "పోలీసులేం చేస్తున్నారు?" అని ఎవరూ అడగలేదు. గొలుసు పోతే అడిగే నోళ్లు ఆ వారం మూతపడ్డాయి. ఏ ఊరి పేరూ ఏ జాబితాకూ ఎక్కలేదు. ఎరుకల పిల్లవాడు పొలిమేర దాటితే లెక్క రాసుకున్న వ్యవస్థకు, కత్తులు పట్టుకుని గుంపుగా కదిలినవాళ్లు కనిపించలేదు. పోలీసుల గురించి మేం పెట్టే మొరలన్నింటినీ ఆ జూలై నెల పక్కన పెట్టి చూడటం నేను అప్పటి నుంచీ మానలేదు.

మా ప్రాంతంలో నేరం తగ్గించడానికి లాఠీ లేకుండా జరిగిన పెద్ద ప్రయత్నం ఒకటి ఉంది. 1974లో హేమలత, లవణం దంపతులు స్టూవర్టుపురంలో అడుగుపెట్టారు. ఆమె మహాకవి జాషువా కూతురు, ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. జలగం వెంగళరావు ప్రభుత్వం సహకరించింది. వాళ్లు ఇంటింటికీ తిరిగారు, జైళ్లకు వెళ్లి మాట్లాడారు, పిల్లల చదువులు చూశారు, పెళ్లిళ్లు చేశారు. తర్వాత సంస్కార్ అనే సంస్థ పెట్టి ఏళ్ల తరబడి ఆ పని చేశారు. దొంగతనం మానేసిన మనిషికి పని ఇప్పించడం, ఆ మనిషిని పాత కేసు పేరుతో మళ్లీ మళ్లీ స్టేషనుకు పిలవకుండా చూడటం, ఈ రెండూ కలిస్తేనే ఫలితం ఉంటుందని వాళ్ల అనుభవం చూపింది. హేమలత గారు 2008లో పోయారు, లవణం గారు 2015లో.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్లలో కులవివక్ష మీద వచ్చిన సుకన్య శాంత కేసులో, నేరస్థ తెగల ముద్ర తొలగిన విముక్త జాతుల వాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకు చెప్పింది. చట్టం రద్దయిన 72 ఏళ్లకు కూడా ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే జాబితా ఎంత లోతుకు దిగిందో చూడండి.

కాపలా మళ్లీ ఊరికి దగ్గరవుతున్న గుర్తులు లేకపోలేదు. గ్రామ సచివాలయానికి 2019లో మహిళా పోలీసు వచ్చింది. ఇంటికి తాళం వేసి ఊరెళ్లేముందు చెబితే కెమెరా పెట్టే పద్ధతి వచ్చింది. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే అనే జీరో ఎఫ్‌ఐఆర్‌ను 2024 జూలై నుంచి కొత్త చట్టమే చెబుతోంది. మా ఊళ్లో చాలామందికి ఇవి తెలియవు. తెలియజెప్పే పనిని నేను నా వంతుగా పెట్టుకున్నాను.

పోయిన కాపులో మా పక్క చేను రైతు కల్లంలో పదకొండు టిక్కీలు పోయాయి. అర్జీ రాసిపెట్టమని నా దగ్గరకు వచ్చారు. అనుమానం ఎవరి మీద అన్నచోట ఒక కుర్రాడు గబగబా "స్టూవర్టుపురం ముఠా అని రాయండి బాబాయ్" అన్నాడు. "నువ్వు చూశావా?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఆ చోటు ఖాళీగా వదిలేశాను. దాని బదులు టిక్కీల బరువు, కుట్టిన పురికొస రంగు, చివరిసారి లెక్కపెట్టిన వేళ, డొంకలో కనిపించిన టైర్ల గుర్తు, ఆ రోజు తూకానికి వచ్చిన వాహనాలు, అన్నీ రాశాం. రెండు పేజీలు వచ్చింది. స్టేషనులో ఇచ్చి రసీదు అడిగితే, రాసేవాడు మొదటి పేజీ రెండుసార్లు చదివి, టైర్ల గుర్తు ఇంకా ఉందా అని అడిగాడు. ఉందని, మీద పట్టా కప్పి వచ్చామని చెప్పాం. మర్నాడు ఇద్దరు వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లారు. టిక్కీలు ఇంకా దొరకలేదు. నెలకోసారి రసీదు పట్టుకుని వెళ్తున్నాం. ఈ ఏడు కల్లాలు పడ్డాయి, నా మంచం కూడా చేలోకి చేర్చాను.