పెరటిలో 44 అడుగులు



అమెరికాలో స్థిరపడిన మా అబ్బాయి ఆమధ్య ఫోన్ చేసి, ఇంటి వెనుక ఖాళీ స్థలంలో ఆటకోర్టు వేయించాలనుకుంటున్నానని, వైద్యుడిగా నా అభిప్రాయమేమిటని అడిగాడు. వాడికి 46 ఏళ్లు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. రక్తపోటుకు మందు మొదలై ఏడాదైంది. "మంచిదే, వేయించు" అని ఒక్క మాటతో ముగించవచ్చు. కాని పెరటి కోర్టుల చరిత్ర చదివిన మీదట అంత తేలికగా జవాబు చెప్పలేకపోయాను. ఆ చరిత్రను మీ ముందు ఉంచుతున్నాను.

ఇంటి ఆవరణలో కోర్టు అనే ఊహకు రెండు వస్తువులు పునాది వేశాయి. ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గట్టిపరచే పద్ధతికి అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. నున్నని పచ్చిక, దానిపై ఎగిరే బంతి రెండూ అమరిన పిమ్మట, 1874లో మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డ్ నెట్టు, బ్యాట్లు, బంతులు ఒకే పెట్టెలో పెట్టి లాన్ టెన్నిస్‌ను అమ్మకానికి తెచ్చాడు. అయితే ఆ ఆట సంపన్నుల తోటలకే తగినది. నేటి కొలతల ప్రకారం కోర్టు 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు. ఆటగాళ్లు పరుగెత్తే జాగా కూడా కలిపితే సుమారు 800 గజాలు కావాలి. మధ్యతరగతి ఇంటికి అది అందని మాట.

అందే కొలతకు మూలం మన దేశంతో ముడిపడి ఉన్నదని ఎందరికి తెలుసు? పుణెలో ఉన్న బ్రిటిష్ సైనికాధికారులు ఆడిన ఆటే ఇంగ్లండుకు చేరి, బ్యాడ్మింటన్ అనే భవనం పేరుతో ప్రసిద్ధమయింది. 1901 వరకు దాని కోర్టు నడుము వద్ద సన్నగా, డమరుకం ఆకారంలో ఉండేది. తరువాత దీర్ఘచతురస్రంగా మారింది. ఇప్పుడు దాని పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. ఈ రెండు అంకెలను గుర్తుంచుకోండి.

1928లో న్యూయార్క్ శివారు స్కార్స్‌డేల్‌లో ఫెసెండెన్ బ్లాంచర్డ్, జేమ్స్ కాగ్స్‌వెల్ అనే ఇరుగుపొరుగు మిత్రులు శీతకాలంలోనూ ఆరుబయట ఆడాలని సంకల్పించారు. నేల ఎగుడుదిగుడు, పైగా మంచు. అందువల్ల కాగ్స్‌వెల్ స్థలంలో చెక్కల వేదిక కట్టి, మంచును ఊడ్చి ఆడారు. బంతి దొర్లిపోకుండా కోళ్లగూళ్లకు వాడే తీగవల చుట్టూ బిగించారు. అలా ప్లాట్‌ఫారమ్ టెన్నిస్ పుట్టింది. దాని గీతల కొలతలు కూడా 44, 20 అడుగులే.

1965 వేసవిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో జోయెల్ ప్రిచర్డ్ ఇంట పిల్లలకు పొద్దుపోలేదు. పాత బ్యాడ్మింటన్ కోర్టు ఉన్నది గాని సామగ్రి సరిగా లేదు. ప్రిచర్డ్, ఆయన మిత్రుడు బిల్ బెల్ టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లులున్న ప్లాస్టిక్ బంతి చేతికిచ్చారు. బంతి తారునేలపై బాగా ఎగరడంతో 60 అంగుళాల ఎత్తున్న నెట్టును 36 అంగుళాలకు దించారు. బార్నీ మెకల్లమ్ తోడవగా నియమాలు కుదిరాయి. అదే నేటి పికిల్‌బాల్. దానికోసమే నిర్మించిన తొలి శాశ్వత కోర్టు 1967లో ప్రిచర్డ్ పొరుగింటి పెరటిలో వెలసింది. చుట్టూ జాగాతో కలిపి దీనికి 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు చాలు. అంటే 200 గజాలు. మన ఊళ్లలో ఒక మధ్యతరగతి ఇంటి స్థలమంత.

ఈ కథలన్నిటిలో సామాన్యాంశం సిమెంటు కాదు, పొరుగువారు. ఏ ఆటా ఒంటరి మనిషి పెరటిలో బతికి బట్టకట్టలేదు.

వైద్యశాస్త్రం కూడా ఇటువైపే చూపుతున్నది. కోపెన్‌హేగన్‌లో 8,577 మందిని 25 ఏళ్ల వరకు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం లేనివారికంటే టెన్నిస్ ఆడేవారి ఆయుర్దాయం 9.7 ఏళ్లు, బ్యాడ్మింటన్ ఆడేవారిది 6.2 ఏళ్లు, జాగింగ్ చేసేవారిది 3.2 ఏళ్లు అధికంగా కనిపించింది. ఇది ఆటే ఆయువు పెంచిందనడానికి రుజువు కాదు. టెన్నిస్ ఆడేవారికి డబ్బు, తీరిక కూడా ఎక్కువగా ఉండవచ్చు. అయినా నలుగురితో కలిసి ఆడడమే మేలుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

జాగ్రత్తలూ చెప్పాలి. ఏళ్ల తరబడి కదలని శరీరాన్ని ఒక్కసారిగా పరుగెత్తిస్తే మడమ వెనుక స్నాయువు తెగవచ్చు, గుండెకు ప్రమాదం రావచ్చు. నలభై దాటినవారు, ముఖ్యంగా రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. పది నిమిషాల వార్మప్ మరువరాదు. కంటికి రక్షణ అద్దాలు, కాలికి తగిన బూట్లు అవసరం. ఛాతీలో బరువు, అసాధారణమైన ఆయాసం తోస్తే ఆట అక్కడే ఆపి వెంటనే వైద్యసహాయం పొందాలి.

మా అబ్బాయికి చివరకు ఇలా చెప్పాను: "ముందు డాక్టరుకు చూపించుకో. తరువాత ఇంటి ముందున్న సిమెంటు బాటపై సుద్దతో గీతలు గీసి, మడిచే నెట్టు ఒకటి కొను. మూడు నెలలు ఆడు. నలుగురు కుదిరితే అప్పుడు కోర్టు వేయించు."

మొన్న ఆదివారం ఫోన్ చేస్తే కోడలు తీసింది. "బయట ఆడుతున్నారండీ మామయ్యగారూ, పక్కింటాయనతో" అన్నది. ఎనిమిదేళ్లుగా చేయి ఊపడమే తప్ప వారిద్దరూ మాట్లాడుకున్నది లేదట.

కోర్టు ఇంకా వేయించలేదు. కాని నాకు కావలసిన కబురు అందింది.