సవర గోడబొమ్మ: పూనకం నుంచి పటం దాకా

తూర్పు కనుమల సవర గిరిజనుల బొమ్మల మీద వచ్చే రాతల్లో తరచూ అవే మాటలు: ఎర్రమట్టి గోడ, బియ్యప్పిండి, పుల్లల్లాంటి మనుషులు, ప్రకృతి ఆరాధన, వార్లీ చిత్రాలతో పోలిక. గీతను చూసి చెప్పిన ఈ మాటల్లో అసలు సంగతి లేదు. సవర బొమ్మ అలంకారంగా పుట్టలేదు. చనిపోయినవారు పూజారి నోట మాట్లాడే తంతులో అదొక భాగం.

సవరల భాషను తెలుగువారికి దగ్గర చేసింది గిడుగు రామమూర్తి. ఆయన సవర భాషా మాన్యువల్ 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. బొమ్మలకు మాత్రం మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1951, 1955 గ్రంథాలే పెద్ద ఆధారం.

ఇంట్లో జబ్బు చేసినా, పోయినవారికి మర్యాద చేయాల్సి వచ్చినా బొమ్మ వేయించేవారని ఎల్విన్ రాశాడు. ఇంటి ఆకారంలో చట్రం గీసి లోపల బొమ్మలు నింపేవారు. పూర్తయ్యాక పూజారి ఆత్మను పిలిచేవాడు. అది వచ్చి చూసుకుని, ఏదైనా తక్కువైందంటే మళ్లీ గీసేవారు. ఏనుగులు, నెమళ్ల పక్కనే తుపాకులు, విమానాలూ ఉండేవి. దీన్ని ప్రకృతి ఆరాధన అని సరిపెట్టడం ఎలా? కొండ దిగువ నుంచి వచ్చిన అధికారం కూడా ఆ గోడ మీద ఉంది. అయితే ఎల్విన్ తిరిగింది ఎక్కువగా గంజాం, కోరాపుట్ కొండల్లో. ఆయన మాటలను ఆంధ్రలోని సీతంపేట మన్యానికి యథాతథంగా అన్వయించలేం.

ఈ తంతుకు ఒక పోలిక ఉంది: జపాన్ ‘నో’ నాటకంలోనూ చనిపోయినవారు ముసుగు ధరించి వచ్చి తమ కథ చెప్పుకుంటారు. 1868 తర్వాత ఆ నాటకానికి ప్రభువుల పోషణ పోయింది. 1897–1902 మధ్య చిత్రకారుడు త్సుకియోకా కోగ్యో ఆ ప్రదర్శనలను 260కి పైగా చెక్కఅచ్చు చిత్రాల్లో చూపాడు. అక్కడ చిత్రం రంగస్థలానికి బయట నిలిచిన సాక్షి. సవర బొమ్మ తంతులోనే పాత్రధారి. తంతు ఆగితే దానికి పని ఉండదు.

ఆ తంతు ఆగడానికి రోడ్లు, సినిమాలు కారణమంటారు. 1970ల నుంచి సవరల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ పుస్తకాలు వేరే దారి చూపుతాయి. 1993 పుస్తకంలో బంధువులు మృతులతో ఏడుస్తూ, వాదిస్తూ మాట్లాడతారు. 2017 పుస్తకం నాటికి యువతరం బాప్టిస్టు క్రైస్తవులై ఆ సంభాషణ మానేసింది. నా దృష్టిలో ప్రధాన కారణం ఇదే. అది వాళ్ల నిర్ణయం. తప్పుపట్టే హక్కు మనకు లేదు.

2024లో ఒడిశా లాంజియా సవర చిత్రానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. చీరల మీద, కాన్వాసు మీద ఆ బొమ్మ కొందరికి కూడు పెడుతోంది, సంతోషమే. కానీ ఆ గుర్తింపు గీతను కాపాడుతుందే తప్ప, ఆ గీత వెనుక నడిచిన మాటలను కాదు. ఏ బొమ్మ ఎవరి కోసం వేశారో, ఆత్మ ఏం అడిగిందో గుర్తున్న పెద్దలను అడిగి, వారి భాషలోనే రాసిపెట్టాలి. గిడుగు చూపిన దారి అదే. ఆ పని జరగనంతకాలం మనం అమ్ముకునేది సగం బొమ్మనే.