రెండు గ్రామఫోనులు, ఒక వాద్యము



గ్రామఫోను వినుటకే గాని వాయించుటకు గాదని మన పెద్దలు తలచిరి. తిరుగుచున్న రికార్డును చేతితో తాకరాదనుట ప్రతి యింటను కట్టడి. ఆ కట్టడిని మీరి, వినెడి యంత్రమునే వాద్యముగా మార్చుకొన్నవారి చరిత్రమును నేడు విన్నవింపదలచితిని.

1877లో ఎడిసను ధ్వనిని పట్టి నిలుపు ఫోనోగ్రాఫును నిర్మించెను. 1887లో బెర్లినరు పండితుడు గ్రామఫోనునకు పేటెంటు పొందెను. 1902లో కలకత్తాయందు గౌహర్ జాన్ గానము రికార్డుల కెక్కెను. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ లక్క రికార్డులకు మారుగా వినైలు అను పదార్థముతో దీర్ఘకాలము పాడు రికార్డులను వెలువరించెను. అంతవరకును వినువాడు వినువాడే. ముల్లు పెట్టి కూర్చుండుటయే వాని పని.

1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరమందలి బ్రాంక్సు పేటలో, సెడ్జ్‌విక్ వీధి 1520వ నంబరు భవనమున, సిండీ కాంబెల్ అను బాలిక బడికి క్రొత్తబట్టలు కొనుటకై యొక వేడుక నడపెను. ప్రవేశరుసుము బాలికలకు 25 సెంట్లు, బాలురకు 50 సెంట్లు. రికార్డులు వేసినవాడు ఆమె యన్న, జమైకా ద్వీపమున జన్మించిన 18 ఏండ్ల యువకుడు. కూల్ హెర్క్ అని ప్రసిద్ధుడు. గానము నిలిచి వట్టి తాళవాద్యములు మ్రోగుపట్టుననే జనులు ఉత్సాహముతో నాడుట యాతడు గమనించెను. అది కొలది క్షణములలో ముగియును. కావున ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, రెండు యంత్రములపై నుంచి, ఒకదానిలో నా భాగము ముగియగనే రెండవదానిలో మరల మొదలిడు ఉపాయమును సాధించెను. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అను మరియొకడు రికార్డుపై రంగుగీతలు గీచి, ఆ చోటును తప్పక గుర్తించు నేర్పు సంపాదించెను.

ఈ విద్యకు యంత్రమును తోడ్పడెను. పూర్వపు యంత్రములలో రబ్బరుపట్టీ పళ్లెమును త్రిప్పెడిది. చేయి యడ్డమైనచో వేగము చెడును. 1972లో జపానుదేశపు మత్సుషితా సంస్థ విక్రయించిన టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200లో మోటారు ఇరుసే పళ్లెమును నేరుగా త్రిప్పును. గృహస్థులు కూర్చుండి వినుటకై చేసిన యంత్రమది! 1979 నాటి రెండవ రూపమున, వేగమును నూటికి 8 పాళ్లవరకు హెచ్చించుటకును తగ్గించుటకును జరుపుమీట నమర్చిరి.

నేడు సామాన్య గృహస్థులును ఇంట రెండు యంత్రములుంచుకొని వినోదమునకై యీ సాధన చేయుచున్నారు. ఒక పాట గదిలో మ్రోగుచుండ, రెండవదానిని చెవికి తగిలించుకొన్న గొట్టములో తా నొక్కడే వినుచు, జోడెడ్లు ఒకే యడుగు వేయునట్లు రెండు లయలను కలిపి, మెల్లగా నొకదానిని దించి రెండవదాని నెత్తును. దీనికై యెవరును పైకమీయరు, సభ యుండదు.

పరుల పాటను త్రిప్పుట విద్య యగునా యని మీ రడుగవచ్చును. మన హరికథాదాసు పూర్వకవుల పద్యములను కీర్తనలను సమయ మెరిగి కథయందు పొదుగును. అవి యాతడు రచించినవి కావు. ఐనను ఏది యెప్పుడని యెరుగుటయే యాతని ప్రజ్ఞ. ఈ సాధకుని ప్రజ్ఞయు నట్టిదే యని నా తలంపు.

ఎస్.ఎల్. 1200 తయారీ 2010లో నిలిచి, 2016లో మరల మొదలయ్యెను. 2022లో అమెరికాయందు వినైలు రికార్డులు సంఖ్యలో సి.డి.లను మించి అమ్ముడుపోయెను. మీ మనుమడు రికార్డును చేతితో నిలిపి వెనుకకు త్రిప్పినచో, మందలింపక ముందుగా నొక నిమిషము లయను వినుడని మనవి చేసి విరమించుచున్నాను.