అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్: ఆరంభం, అందుబాటు

అమెరికా ఉన్నత పాఠశాలల్లోని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కార్యక్రమానికి మూలం ఒక అసంతృప్తి. ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్ పాఠశాలల్లో కఠినశిక్షణ పొందినవారు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లలో చేరి, నేర్చిన పాఠాలనే తిరిగి చదువుతున్నారని ఆ ఆరు సంస్థల అధ్యాపకులు 1952 నాటి నివేదికలో గుర్తించారు. కళాశాల స్థాయి పాఠ్యాంశాన్ని బడిలోనే బోధించి, బాహ్యపరీక్షతో నిర్ధారించే పద్ధతి ఈ నేపథ్యంలోనే రూపుదిద్దుకొంది. 1955లో కాలేజ్ బోర్డ్ నిర్వహణ చేపట్టింది. 1956 పరీక్షలకు 104 పాఠశాలల నుండి 1,229 మంది మాత్రమే హాజరయ్యారు. ఈ స్వల్పసంఖ్యను విస్మరించరాదు. కళాశాలలో వారి రాణింపుకు పాఠ్యక్రమం ఎంత కారణమో, సంపన్న పాఠశాలల ముందస్తు ఎంపిక ఎంత కారణమో విడదీయడం సులభం కాదు. క్రమేణా ఈ కోర్సులు విశ్వవిద్యాలయ ప్రవేశానికి కొలమానమయ్యాయి. 1999లో ఇంగిల్‌వుడ్ విద్యార్థులు, తమ బడిలో ఇవి తగినన్ని లేవంటూ, కాలిఫోర్నియా రాష్ట్రంపై వ్యాజ్యం వేశారు.