వంతెన క్రింది పీట

ఇబ్రహీంపట్టణమనగానే పెద్దచెఱువు కన్నులకు గట్టును. ఆ యూరికి పేరైన గోలకొండ ప్రభువు ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలముననే, 1578లో, హైదరాబాదున మూసీనదిపై పురానాపూల్ వెలసినది. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో తక్కిన వంతెనలు కొట్టుకొనిపోగా నిది నిలిచినది. రాతికమాను తన బరువుచేతనే బిగిసి నిలుచును. ఎండకు సాగినచో రవంత పైకి లేచి, చల్లబడినపుడు దిగును. కావున దానికి వేఱుగా పీట యక్కఱలేదు.

ఇనుపదూలములతో చిక్కు వచ్చినది. కమ్మరి బండిచక్రమునకు ఇనుపపట్టాను కాల్చి తొడుగుట మీరు చూచియేయుందురు. కాలిన పట్టా సాగును, చల్లారి బిగియును. వంతెన దూలమును నట్టిదే. రాజమహేంద్రవరమున గోదావరిపై 1900లో తెఱవబడి, 1997లో రైళ్ల రాకపోకలు నిలిచిన హేవలాక్ వంతెనకు 150 అడుగుల ఖానాలు 56 గలవు. వేడిమి 40 డిగ్రీలు మాఱినచో నంతటి ఇనుపదూలము సుమారు 22 మిల్లీమీటర్లు, అనగా ముప్పాతిక యంగుళమునకు మించి, సాగును. రెండు కొనలను బిగించినచో స్తంభము తల పగులవచ్చును. అందుచే ఒక కొనను స్థిరపఱచి, రెండవదానిని ఉక్కు రోలర్లపై నుంచు పద్ధతి యేర్పడినది. కాని రోలరుకు తుప్పు పట్టును, మట్టి చేరును. బిగిసిపోయిన రోలరు లేనిదానితో సమానము.

1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో రబ్బరును కాచి గట్టిపఱచు మార్గము కనుగొనెను. 1950 తరువాతి దశకమున ఐరోపా ఇంజనీర్లు రబ్బరుపీటలను వంతెనల క్రింద నుంచసాగిరి. ఇంగ్లండులోని లింకన్ నగరపు పెల్హాం వంతెన (1957) అట్టి తొలివానిలో నొకటి. వట్టి రబ్బరు బరువునకు ప్రక్కలకు ఉబ్బును. పలుచని రబ్బరు పొరల నడుమ ఉక్కురేకుల నతికించినచో ఉబ్బు తగ్గి బరువు మోయును. పేకముక్కల కట్టవలె నడ్డముగా మాత్రము సులభముగా జరుగును. రబ్బరు మొత్తపు మందములో పదింట ఏడు వంతులకు మించి జరుగనీయరాదని వాడుకలోనున్న నియమము. పైన చెప్పిన 22 మిల్లీమీటర్ల కదలికకు 32 మిల్లీమీటర్ల రబ్బరైన నుండవలెను. మందము మితిమీరినచో పీట నిలుకడ తప్పును గనుక, దానికి దగిన వెడల్పును గావలెను.

అయితే రబ్బరు వంతెనకంటె ముందే ముదిసి పగుళ్లు తీయును. అపుడు జాకీలతో దూలమునెత్తి పీట మార్చవలెను. జాకీకి చోటు కట్టునాడే విడువవలెను. పురానాపూలునకు మార్చవలసిన పీట లేదు. నేటి వంతెనలకు కలదు. చెఱువు తూమును ఏటేట పరీక్షించు పెద్దలు వంతెన పీటను గూడ పరీక్షింపుమని యడుగుట న్యాయము. కట్టుటతోనే పని ముగియదు.