వాటర్‌ఫాల్ నుంచి ఎజైల్ దాకా

1970లో విన్‌స్టన్ రాయిస్ అనే ఇంజినీరు ఒక పత్రంలో సాఫ్ట్‌వేర్ తయారీని అవసరాల సేకరణ, డిజైన్, కోడింగ్, పరీక్ష అనే వరుస దశలుగా గీసి చూపాడు. పరీక్ష చివరిదాకా ఆగితే ముప్పేనని ఆ పత్రంలోనే హెచ్చరించాడు కూడా. లోకం బొమ్మను పట్టుకుని హెచ్చరికను వదిలేసింది. 1985లో అమెరికా రక్షణశాఖ ప్రమాణం 2167 వాటర్‌ఫాల్ అని పేరుపడ్డ ఈ దశలవారీ పద్ధతికే ముద్ర వేసింది. ఒప్పందంనాటి అవసరాలు సరుకు చేతికొచ్చేసరికి మారిపోయేవి.

క్రైస్లర్ కంపెనీ జీతాల ప్రాజెక్టులో 1996 నుంచి ప్రోగ్రామర్ కెంట్ బెక్ మరో దారి పట్టాడు: కొద్ది వారాలకొక విడత పని, వాడేవారి ప్రతినిధి బృందంలోనే, అడుగడుగునా పరీక్షలు. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఈ పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది. విచిత్రంగా, ఆ ప్రాజెక్టు మాత్రం 2000లో ఆగిపోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో ఇలాంటి పద్ధతులను నమ్మిన 17 మంది కలిసి ఎజైల్ ప్రకటన రాశారు.