రక్తపోటు మందు నడచిన దారి

బీదరు సరిహద్దుకు చేరువనున్న న్యాల్‌కల్ మండలమున, డప్పూరు మొదలగు గ్రామముల భూములలో ఔషధ పరిశ్రమలు నెలకొల్పవలెనని 2024లో ప్రభుత్వము తలపెట్టినది. రైతులు ఎదిరించిరి. ఆ వివాద మటుండనిండు. మందు తయారగుట ఒక కథ, అది రోగి చేతి కందుట మరియొక కథ. రక్తపోటు మందు చరిత్రమే ఇందుకు సాక్ష్యము.

మన అడవులలోని సర్పగంధి వేరును వైద్యులు తరతరములుగా నెరుగుదురు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు, అది రక్తపోటును తగ్గించు తీరును బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండునందలి సీబా సంస్థవారు దాని నుండి రిజర్పిన్‌ను వేరుచేసిరి. వేరు మనది, బిళ్ల వారిది!

1970 నాటి పేటెంటు చట్టము ఈ స్థితిని మార్చినది. మందుపై గుత్తహక్కు పోయి, తయారుచేయు విధానముపై మాత్రమే హక్కు మిగిలెను. 1984లో అంజిరెడ్డిగారు హైదరాబాదున స్థాపించిన సంస్థ తొలినాళ్లలో చేసిన మందులలో మిథైల్‌డోపా యొకటి. అదియు రక్తపోటు మందే. 1986 నాటికి అది విదేశములకు ఎగుమతి యయ్యెను.

వెల తగ్గెను గాని దూరము తగ్గలేదు. రక్తపోటు నొప్పి పెట్టని వ్యాధి. మందో, ప్రతిదినము మ్రింగవలసినది. బిళ్లలకై జహీరాబాదుకు పోవు కూలివానికి వాటి వెలకన్న బస్సు ఖర్చు, పోయిన దినకూలియే బరువు. ఒంట్లో బాగున్నదిగదా యని అతడు మానివేయుటలో వింతయేమున్నది? 2017లో తెలంగాణముతో గూడ ఐదు రాష్ట్రములలో ఆరంభమైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమము ఈ చిక్కునే పట్టుకొన్నది: కొద్దిపాటి మందులనే ఎన్నుకొని, నెలకు సరిపడునన్ని బిళ్లలను ఇంటికి చేరువలోని ఆరోగ్యకేంద్రముననే యిచ్చుట.